ఫ్లోరిడా తీరంలో అద్దె బోటు వేట: బుక్ చేసుకునే ముందు తేల్చుకోవలసినవి

అమెరికాలో డబ్బు తీసుకుని జనాన్ని సరదా వేటకు తీసుకెళ్లే బోట్లు మూడు రకాల నీళ్లలో తిరుగుతాయి. ఉప్పుటేర్లు, మడ చెట్ల అంచులు, తీరం వెంబడి లోతులేని నీళ్లలో చేసేది ఇన్‌షోర్ వేట. ఒడ్డు కనుమరుగయ్యాక ఇంకా గంటల కొద్దీ వెళ్లి ట్యూనా, మార్లిన్ వంటి చేపల కోసం చేసేది ఆఫ్‌షోర్ వేట. ఈ రెండింటికీ నడుమ, బీచ్ దగ్గర మొదలై సుమారు తొమ్మిది పది మైళ్ల లోపు సాగేది నియర్‌షోర్ వేట. సముద్రంలో మొదటిసారి గాలం వేయాలనుకునే కుటుంబాలకు ఎక్కువగా నప్పేది ఇదే. రేవు దాటిన అరగంటకో గంటకో గాలం నీళ్లలో పడుతుంది, సగం రోజుతో పని అయిపోతుంది. పడే చేప మాత్రం చిన్నదేమీ కాదు.

ఈ వ్యాపారం బాగా వేళ్లూనుకున్న చోటు ఫ్లోరిడా. 1885లో డబ్ల్యు. హెచ్. వుడ్ అనే న్యూయార్క్ వాసి ఆ రాష్ట్రపు నైరుతి తీరంలో, శానిబెల్ దీవి దగ్గర, రాడ్‌తోనూ రీల్‌తోనూ టార్పన్ చేపను పట్టాడన్న వార్త బయటికి రావడంతో చలికాలంలో ధనికులైన వేటగాళ్లు అటు బయలుదేరారు. వాళ్లను పడవల్లో తిప్పిన స్థానికులే తొలితరం గైడ్లు. వాయవ్య మూలనున్న డెస్టిన్ ఊరు 1948 నుంచి అక్టోబరులో ఫిషింగ్ రోడియో పేరుతో చేపల పోటీ నడుపుతోంది. ఆ ఊరి రేవులో సాయంత్రం పూట బోట్లు తెచ్చిన చేపలను మేకుల బల్లకు వరసగా వేలాడదీసి ఫోటోలు తీయడం నేటికీ చూడవచ్చు.

నియర్‌షోర్ అన్న మాటకు చట్టంలో నిర్వచనం లేదు. ఒక కెప్టెన్ మూడు మైళ్లను అలా పిలుస్తాడు, మరొకడు పన్నెండు మైళ్లను. అందుకే దూరం కంటే లోతు అడగడం తెలివైన పని. టాంపా వైపు మెక్సికో సింధుశాఖ అడుగు చాలా నెమ్మదిగా దిగుతుంది, తొమ్మిది మైళ్లు పోయినా లోతు నలభై అడుగులు దాటకపోవచ్చు. డెస్టిన్‌లో ఈస్ట్ పాస్ అనే ముఖద్వారం దాటిన కొద్ది మైళ్లకే డెబ్బై, ఎనభై అడుగులు వస్తుంది. అట్లాంటిక్ వైపు పామ్ బీచ్ దగ్గర గల్ఫ్ స్ట్రీమ్ అనే వేడి నీటి ప్రవాహం తీరానికి రెండు మూడు మైళ్ల దూరంలోనే పారుతుంది కాబట్టి చాలా చోట్ల రోజంతా వెళ్తేగానీ దొరకని సెయిల్‌ఫిష్ అక్కడ చలికాలంలో ఒడ్డు మేడలు కనపడుతుండగానే పడుతుంది. మూడు ఊళ్లలోనూ ప్రకటన ఒకే మాట చెబుతుంది, దొరికే వేట వేరు.

చట్టం గీసిన గీత మరోటి ఉంది. ఫ్లోరిడా రాష్ట్ర జలాలు అట్లాంటిక్ వైపు మూడు నాటికల్ మైళ్ల దాకా, సింధుశాఖ వైపు తొమ్మిది నాటికల్ మైళ్ల దాకా ఉంటాయి. ఆ గీతకు ఇవతల నియమాలు పెట్టేది రాష్ట్ర చేపలు, వన్యప్రాణుల కమిషన్. అవతల పెత్తనం కేంద్ర ప్రభుత్వ సంస్థ నోవాది. సింధుశాఖ వైపు కేంద్ర జలాల్లో జనాన్ని ఎక్కించుకుని రెడ్ స్నాపర్, గ్రూపర్ వంటి రాతి చేపలను పట్టాలంటే బోటుకు ప్రత్యేక పర్మిట్ ఉండాలి. కొత్త పర్మిట్లు ఇవ్వడం ఎప్పుడో ఆపేశారు. పర్మిట్ ఉన్న బోటు రాష్ట్ర జలాల్లో ఉన్నా సరే, రెండు నియమాల్లో కఠినమైనదాన్నే పాటించాలి. దీనివల్ల ఒక విచిత్రం జరుగుతుంది. ఒకే రోజు, ఒకే చోట, పక్కపక్కన లంగరు వేసిన రెండు బోట్లలో ఒకటి రెడ్ స్నాపర్‌ను ఐసు పెట్టెలో వేసుకోవచ్చు, రెండోది అదే చేపను నీళ్లలోకి వదిలేయాలి. పర్మిట్ ఉన్న బోటు పెద్దదనో మంచిదనో ఎంచుకున్నవారికి రేవులో ఈ సంగతి తెలిస్తే కలిగే నిరాశ అంతా ఇంతా కాదు. ఏ నెలలో వెళ్తున్నామో, ఆ నెలలో ఆ బోటుకు ఏ చేప ఉంచుకునే హక్కు ఉందో ముందే అడిగి తెలుసుకోవాలి.

ఆంధ్ర తీరంలో వేట నిషేధమంటే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లన్నీ రేవులో ఆగిపోవడం. ఫ్లోరిడాలో సముద్రాన్ని అలా మూయరు. చేపను బట్టి మూస్తారు. ఒక్కో జాతికి వేరే సీజను, కనీస పొడవు, మనిషికింత అనే లెక్క. సింధుశాఖ వైపు రెడ్ స్నాపర్ సీజను కేంద్ర పర్మిట్ ఉన్న బోట్లకు జూన్ 1న మొదలవుతుంది. పదహారు అంగుళాలకు తక్కువైనది పనికిరాదు, మనిషికి రెండు మించకూడదు. అక్కడే గ్యాగ్ గ్రూపర్ నిల్వలు బాగా పడిపోవడంతో 2023 నుంచి సెప్టెంబరు 1న సీజను తెరిచి కొద్ది వారాల్లోనే మూసేస్తున్నారు. టార్పన్‌ను 2013 నుంచి పట్టి వదలడమే తప్ప ఇంటికి తీసుకెళ్లే వీలు లేదు. రికార్డు కోసం ప్రయత్నించేవారికి యాభై డాలర్ల ట్యాగు ఒక్కటే మినహాయింపు. నలభై అంగుళాలు దాటిన టార్పన్‌ను ఫోటో కోసమైనా నీళ్లలోంచి పైకి ఎత్తకూడదు. ఈ లెక్కలు ఏటా, కొన్నిసార్లు ఏడాది మధ్యలోనూ మారతాయి. కిందటేడు వెళ్లొచ్చిన స్నేహితుడి మాట మీద ఆధారపడితే లాభం లేదు.

నియర్‌షోర్ వేటకు ప్రాణం మాత్రం వలస చేపలే. నీటి వేడి 70 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గరికి వచ్చినప్పుడు, అంటే మార్చి నుంచి మే దాకా, మళ్లీ అక్టోబరు, నవంబరుల్లో, కింగ్ మాకరెల్ గుంపులు సింధుశాఖ తీరం వెంట నడుస్తాయి. ఇది మన వంజరానికి దగ్గరి చుట్టం, శాస్త్రీయంగా రెండిటిదీ ఒకే ప్రజాతి. దానికంటే చిన్నదైన స్పానిష్ మాకరెల్ బీచ్‌కు మరీ దగ్గరగా వస్తుంది, పిల్లల చేత గాలం పట్టించడానికి ఇంతకన్నా అనువైన చేప లేదు. వసంతంలో కోబియా అనే చేప నీటి పైపైన ఈదుతూ కంటికే కనిపిస్తుంది. కెప్టెన్ ఎత్తైన నిచ్చెన మీద నిలబడి వెతికి చూపిస్తే ఎర విసరాలి. మే, జూన్ నెలల్లో బోకా గ్రాండ్ పాస్ దగ్గర టార్పన్ల కోసం బోట్లు కిక్కిరిసిపోతాయి. డిసెంబరు, జనవరి నెలల్లో చలిగాలులు తగ్గిన మధ్య రోజుల్లోనే వేట బాగుంటుంది. ఈ క్యాలెండరు తెలిస్తే సెలవుల తేదీకి తగిన చేపను కోరుకోవచ్చు. ఫలానా చేపే కావాలని పట్టుబడితే తేదీనే మార్చుకోవాలి. రెండూ మనం చెప్పినట్టే జరగవు.

ఇక బోటు, దాన్ని నడిపే మనిషి. అమెరికాలో ఒక్క ప్రయాణికుడి దగ్గర డబ్బు తీసుకున్నా బోటు నడిపేవారికి కోస్ట్ గార్డ్ ఇచ్చిన లైసెన్స్ ఉండాలి. ఇందులో మొదటి మెట్టును వ్యవహారంలో సిక్స్ ప్యాక్ అంటారు. ఈ లైసెన్స్ మీద ఆరుగురికి మించి డబ్బు చెల్లించే ప్రయాణికులను ఎక్కించకూడదు. దీనికి నీళ్ల మీద 360 రోజుల అనుభవం, వైద్య పరీక్ష, రాత పరీక్ష, మాదకద్రవ్యాల పరీక్ష కావాలి. ఏడో మనిషి ఎక్కాలంటే కోస్ట్ గార్డ్ తనిఖీ చేసి ధ్రువపత్రం ఇచ్చిన బోటు, పై స్థాయి లైసెన్స్ ఉన్న కెప్టెన్ కావాలి. ఇక్కడే తెలుగు కుటుంబాలు ఎక్కువగా తడబడతాయి. ఇద్దరు అన్నదమ్ములు, వాళ్ల భార్యలు, ఇద్దరు పిల్లలు, ఒక చంటిబిడ్డ కలిస్తే ఏడుగురు. చంటిబిడ్డ గాలం పట్టడు కదా అన్న వాదన చెల్లదు, ఒడిలో ఉన్నా తల లెక్కలోకి వస్తుంది. కెప్టెన్ కళ్లు మూసుకుని ఎక్కించుకుంటే అది ఔదార్యం కాదు, ఆ బోటు దిగిపోవడానికి తగిన కారణం. ప్రమాదం జరిగితే బీమా ముఖం చాటేస్తుంది.

లైసెన్స్ చూపించమని అడగడం మర్యాద తక్కువ పనేమీ కాదు. అసలైన కెప్టెన్ సంతోషంగానే చూపిస్తాడు. లైసెన్స్ లేకుండా తక్కువ ధరకు తిప్పేవాళ్లు ఉన్నారు. పెట్రోలు డబ్బులు పంచుకుంటున్నామని, బోటును అద్దెకిచ్చామని కాగితాల మీద చూపించడం వాళ్ల ఎత్తుగడలు. 1993లో వచ్చిన ప్రయాణికుల బోట్ల భద్రతా చట్టం డబ్బిచ్చి ఎక్కే ప్రయాణికుడు ఎవరన్నదాన్ని స్పష్టంగా నిర్వచించింది. రేవు వదిలే ముందు లైఫ్ జాకెట్లు ఎక్కడున్నాయో, అత్యవసరంలో ఏం చేయాలో కెప్టెన్ వివరించడం నియమం. ఆ నాలుగు మాటలు చెప్పకుండానే ఇంజను స్టార్ట్ చేసేవాడి గురించి అనుమానపడటమే నయం. ఇరవై ఆరు అడుగులకు తక్కువైన బోటు కదులుతున్నంతసేపు ఆరేళ్ల లోపు పిల్లలు లైఫ్ జాకెట్ వేసుకునే ఉండాలన్నది ఫ్లోరిడా చట్టం.

బోటు రూపం కూడా చూసుకోవాలి. నియర్‌షోర్‌లో ఎక్కువగా కనిపించేవి మధ్యలో స్టీరింగు, చుట్టూ నడిచే ఖాళీ ఉండే సెంటర్ కన్సోల్ బోట్లు. వేటకు ఇవి భేషు. నీడ మాత్రం గొడుగంత. మరుగుదొడ్డి ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ఈ ప్రశ్న అడగడానికి మొహమాటపడి నాలుగు గంటలు ఇబ్బందిపడ్డ ఆడవాళ్లు ఎంతమందో. వృద్ధులు, చిన్నపిల్లలు ఉంటే ఇరవై ఏడు అడుగులకు పైబడిన బోటు, నీడ, మరుగుదొడ్డి తప్పనిసరి షరతులుగా పెట్టుకోవాలి. ఒంటరిగానో ఇద్దరుగానో వెళ్లేవారికి హెడ్ బోట్లు ఉన్నాయి. పదుల మంది కలిసి వెళ్లే పెద్ద బోటు, తలకింత అని టికెట్టు. ఖర్చు తక్కువ, పక్కవాడి గాలంతో మన గాలం చిక్కుపడే అవకాశం ఎక్కువ. సముద్రం పడుతుందో లేదో తెలియనివారికి ఇది చవకైన పరీక్ష.

చేపల లైసెన్స్ సంగతి రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. ఫ్లోరిడాలో చార్టర్ బోటుకున్న లైసెన్సే ఎక్కినవాళ్లందరికీ వర్తిస్తుంది. టెక్సస్‌లో అలా కాదు. హ్యూస్టన్, డాలస్ నుంచి గాల్వెస్టన్ వెళ్లి బోటు ఎక్కే తెలుగువారు గైడు ఉన్నా సరే, పదిహేడేళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ ఉప్పునీటి అనుమతితో సొంత లైసెన్స్ కొనుక్కోవాలి. ఒక్క రోజుకు కూడా దొరుకుతుంది. ఫ్లోరిడాలో కూడా బోటు దిగాక సాయంత్రం బీచ్‌లో గాలం వేస్తే పాత ఏర్పాటు వర్తించదు, విడిగా లైసెన్స్ తీసుకోవాలి.

ధర సాధారణంగా బోటుకే, మనిషికి కాదు. ఆరుగురు వెళ్లినా ఇద్దరు వెళ్లినా అంతే. నాలుగు గంటలకు కొన్ని వందల డాలర్లు, ఎనిమిది గంటలకు వెయ్యి దాటుతుంది. ఈ తేడాలో పెద్ద వాటా ఇంధనానిది. ఎర, ఐసు, గాలాలు, రాడ్లు ధరలో కలిసే ఉంటాయి. చేపలు కోసి ముక్కలు చేయడం కొన్నిచోట్ల కలిసి ఉంటుంది, కొన్నిచోట్ల పౌనుకింత అని అడుగుతారు. ఇంధనం ధర పెరిగితే అదనంగా వసూలు చేస్తామన్న షరతు ఉందేమో చూసుకోవాలి. డెక్కు మీద పనిచేసే కుర్రాడికి ధరలో పదిహేను నుంచి ఇరవై శాతం టిప్పు ఆనవాయితీ. అతని సంపాదనలో ఎక్కువ భాగం అదే కాబట్టి దీన్ని ఖర్చులో మొదటే వేసుకోవాలి, చివర్లో మిగిలితే ఇద్దామనుకోకూడదు. మొదటిసారి వెళ్లేవారికి ఎనిమిది గంటల ట్రిప్పు డబ్బు దండగ. నాలుగు గంటలు దాటితే ఎండకో, అలల ఊపుకో సగం మంది పడుకుంటారు. నాలుగు గంటలు, మహా అయితే ఆరు గంటలు చాలు.

అడ్వాన్సు కట్టే ముందు చదవవలసింది రద్దు షరతులు. వాతావరణం బాగాలేదని కెప్టెన్ రద్దు చేస్తే డబ్బు వెనక్కి ఇవ్వడమో వేరే తేదీ ఇవ్వడమో దాదాపు అందరూ చేస్తారు. గొడవలన్నీ మధ్యరకం రోజుల్లోనే వస్తాయి. కెప్టెన్ వెళ్దామంటాడు, అలలు చూసి కుటుంబం వద్దంటుంది. అప్పుడు అడ్వాన్సు పోతుంది, ఎందుకంటే నిర్ణయం కెప్టెన్‌దని షరతులో రాసి ఉంటుంది. దీనికి మందు ఒక్కటే. ఎన్ని అడుగుల అలల దగ్గర మీరు ఆగుతారు, మొదటిసారి వచ్చేవాళ్లు ఉంటే ఎంత దగ్గర ఆగుతారు అని బుకింగ్ రోజునే అడగాలి. అమెరికా జాతీయ వాతావరణ సేవ తీర జలాలకు అలల ఎత్తు అడుగుల్లో, ఎన్ని సెకన్లకో అల వస్తుందో కూడా కలిపి చెబుతుంది. రెండు అడుగుల లోపు అందరికీ సుఖం. మూడు, నాలుగు అడుగుల అలలు తక్కువ వ్యవధిలో వరసగా తగులుతుంటే ఇరవై నాలుగు అడుగుల బోటులో కొత్తవారికి నరకమే. అదే ఎత్తు అల పది సెకన్లకొకటి వస్తే బోటు మెల్లగా ఎక్కి దిగుతుంది, అంత బాధ ఉండదు. సెలవుల్లో మొదటి రోజుల్లోనే ట్రిప్పు పెట్టుకుంటే రద్దయినా మరో రోజు మిగులుతుంది. వేసవి మధ్యాహ్నాల్లో ఉరుములు, పిడుగులు ఫ్లోరిడాలో మామూలు, కాబట్టి ఉదయం ట్రిప్పే మేలు. జూన్ నుంచి నవంబరు దాకా తుపాను కాలం. కాబట్టి ఉదయం ట్రిప్పే మేలు.

బోటు మీద జరిగే పనిలో కొత్తవారు తెలుసుకోవలసినవి రెండే. కింగ్ మాకరెల్ కోసం బతికున్న ఎరను ఇనుప తీగ కొసకు కట్టి బోటును నడక వేగంతో నడుపుతూ లాగుతారు. తీగ ఎందుకంటే ఆ చేప పళ్లు నైలాను దారాన్ని ఒక్క పటుక్కుతో తెంపేస్తాయి. చేప అందుకోగానే రీలు కీచుమంటూ తిరిగి వంద గజాల దారం క్షణాల్లో పోతుంది. అప్పుడు కంగారుపడి రీలు బిగించినవాడికి తెగిన దారం మిగులుతుంది. చేతులు కట్టుకుని అది ఆగేదాకా చూడటమే పద్ధతి. రెండోది అడుగు వేట. స్నాపర్, గ్రూపర్లకు వాడే సర్కిల్ హుక్కు కొన లోపలికి వంగి ఉంటుంది, రాడ్ జాడిస్తే నోట్లోంచి జారిపోతుంది. మెల్లగా రీలు తిప్పుతూ పోతే తనే పెదవి మూలలో గుచ్చుకుంటుంది. చేపల వేట అలవాటున్న పెద్దవాళ్లకే ఇది కష్టం, చేయి ఊరుకోదు.

తొంభై అడుగుల లోతు నుంచి పైకొచ్చిన స్నాపర్ కళ్లు ఉబ్బి, పొట్ట నోట్లోంచి బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. ఒత్తిడి తగ్గి గాలితిత్తి ఉబ్బడం దీనికి కారణం. పరిమాణం చాలని చేపను అలాగే విసిరేస్తే నీటి మీద తేలుతూ పక్షులకో సొరలకో ఆహారమవుతుంది. బరువు కట్టిన క్లిప్పుతో పెదవి పట్టి లోతుకు దించి వదిలితే ఈదుకుంటూ పోతుంది. రాతి చేపలకు వెళ్లే బోట్లలో ఈ పరికరమో, గాలి తీసే సూదో సిద్ధంగా ఉండాలని ఫ్లోరిడా నియమం. కెప్టెన్ ఎలాంటివాడో తెలియాలంటే అతను వదిలే చేపను చూస్తే చాలు.

వెంట తీసుకెళ్లేవి కొద్దే. డెక్కు మీద మరకలు పడని అడుగున్న చెప్పులు, పొడుగు చేతుల చొక్కా, టోపీ, పోలరైజ్డ్ కళ్లద్దాలు, నీళ్లు. సముద్రం పడనివారు మాత్ర బోటెక్కాక వేసుకుంటే పనిచేయదు, గంట ముందైనా వేసుకోవాలి. కడుపు ఖాళీగా ఉన్నా, పెరుగన్నంతో నిండుగా ఉన్నా ఇబ్బందే. బోటు మీదికి అరటిపండు తెస్తే చేప పడదన్న నమ్మకం అక్కడి కెప్టెన్లలో ఇంకా ఉంది. నవ్వు వచ్చినా పళ్లు కారులో వదిలేయడమే మర్యాద.

చేప తలతో, తోకతో నిండుగా రేవు చేరాలి. సముద్రంలోనే కోయడం నేరం, ఎందుకంటే పొడవు కొలిచే వీలుండదు. సరదా వేటలో పట్టిన చేపను అమ్మడానికి లేదు. చాలా రేవుల పక్కన మన చేపను వండిపెట్టే హోటళ్లు ఉన్నాయి.

వండుకోవడంలో రెండు జాగ్రత్తలు ఉన్నాయి. పగడపు దిబ్బల దగ్గర పెరిగే బర్రకూడా వంటి పెద్ద చేపల్లో సిగ్వాటెరా అనే విషం చేరుతుంది. పులుసులో ఎంత మరిగించినా అది పోదు. కింగ్ మాకరెల్‌లో పాదరసం ఎక్కువ. అమెరికా ఆహార, ఔషధ సంస్థ గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్నపిల్లలు తినకూడదని చెప్పే చేపల జాబితాలో సొర, కత్తిచేపలతో పాటు దీని పేరూ ఉంది. వంజరంలా ఉంది కదా అని ఇరవై పౌన్ల చేపను ఇంటిల్లిపాదికీ వండటం సరికాదు. పులుసుకు స్పానిష్ మాకరెల్, వేపుడుకు స్నాపర్ ముక్కలు చాలు. పెద్ద కింగ్ మాకరెల్‌ను ఫోటో తీసుకుని నీళ్లలోకి వదిలేయడమే మంచిది.